పోయింది హెడ్‌సెట్టా, దాంట్లో ఒక ముక్కా?

మూలన పడేసిన గేమింగ్ హెడ్‌సెట్‌ను ఒకదాన్ని తీసి విప్పి చూడండి. లోపలి స్పీకర్లు చాలావరకు బాగానే ఉంటాయి. ఒక అయస్కాంతం, సన్నటి తీగచుట్ట, దాని ముందు పల్చటి ప్లాస్టిక్ పొర. మామూలు వాడకంలో వీటికి ఏళ్లు గడిచినా పెద్దగా ఏమీ కాదు. పోయేవి వేరే ఉన్నాయి. పిన్ను మొదట్లో వైరు లోపల్లోపలే తెగి ఒక చెవే వస్తుంది. ఇయర్ ప్యాడ్ల మీది నల్లతోలు పొట్టుపొట్టుగా రాలి చెంపలకు అంటుకుంటుంది. హెడ్‌బ్యాండ్ కీలు దగ్గర పుటుక్కుమంటుంది. వైర్‌లెస్‌దైతే నిండా చార్జి పెట్టినా రెండు ఆటలకే ఆరిపోతుంది. నాలుగు వేల వస్తువు కొన్ని వందల రూపాయల ముక్క వల్ల మూలకు చేరుతుంది.

కొనేటప్పుడు మనం చూసేవి మాత్రం ఇవి కావు. అనంతపురంలో సుభాష్ రోడ్డులోనో కమలానగర్‌లోనో షాపుకు పోయి "ఎన్ని దినాలొస్తాదన్నా?" అని అడిగితే "నువ్వు వాడుకునేదాన్ని బట్టిప్పా" అంటారు. ఆ జవాబులో అబద్ధం లేదు గానీ అది సగమే. మిగతా సగం ఆ వస్తువును ఎట్లా కట్టారన్న దాంట్లో ఉంది. సైకిలు టైరు అరిగితే టైరు మారుస్తాం, సైకిలు పారేయం. హెడ్‌సెట్‌ను కూడా అదే కంటితో చూడాలి. ఏ ముక్క ముందు పోతుంది? పోతే దాన్నొక్కదాన్నే మార్చుకోవడం కుదురుతుందా?

డబ్బా మీది గొప్పలు

7.1 సరౌండ్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఏడెనిమిది స్పీకర్లు ఉండవు. దాదాపు అన్నిట్లోనూ చెవికి ఒకటే. చుట్టూ శబ్దం వస్తున్నట్టు అనిపించేది సాఫ్ట్‌వేర్ లెక్క. ఆ లెక్కను వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలు తమ సెట్టింగుల్లో తామే చేసుకుంటాయి. రెండూ ఒకేసారి వేస్తే అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో ఇంకా గందరగోళంగా వినిపిస్తుంది. 50 ఎం.ఎం. డ్రైవరు, అంటే లోపలి స్పీకరు, 40 ఎం.ఎం. కంటే మంచిదన్న నియమమేమీ లేదు. లైట్ల సంగతి సరేసరి: అవి మన తల మీదే ఉంటాయి, మనకు తప్ప అందరికీ కనబడతాయి. మామూలు పిన్ను హెడ్‌సెట్‌కు లైట్ల కోసమని ఇంకో యూఎస్‌బీ వైరు తగిలిస్తే, తెగడానికి ఇంకొకటి తోడైందన్నమాట.

ఆ మాటకొస్తే "గేమింగ్" అన్నదీ పెద్ద విశేషం కాదు. 2014లో వచ్చి బాగా పేరు తెచ్చుకున్న హైపర్‌ఎక్స్ క్లౌడ్, టాక్‌స్టార్ అనే చైనా కంపెనీ చేసిన ప్రో 80 అనే స్టూడియో హెడ్‌ఫోన్‌కు మైకు తగిలించిన రూపమే. గట్టితనం కూడా ఆ స్టూడియో ఒంటి నుంచి వచ్చిందే.

వైరు ఎక్కడ తెగుతుంది

హెడ్‌సెట్ వైరు లోపల ఉండేది ఇంటి కరెంటు వైరులో కనబడేలాంటి బరువైన రాగి కాదు. వెంట్రుకంత సన్నని రాగి పోగులు, వాటి మధ్య బలానికి దారప్పోగులు. ఒక్కో పోగు మీద రంగు పూత ఉంటుంది, అదే దాని ఇన్సులేషన్. మెత్తగా వంగడానికి ఈ అమరిక బాగుంటుంది. కానీ ఒకే చోట మళ్లీ మళ్లీ వంగితే ఒక్కొక్క పోగే తెగుతూ పోతుంది. ఆ చోటు ఎప్పుడూ గట్టి భాగమూ మెత్త భాగమూ కలిసే దగ్గరే: పిన్ను మొదలు, చెవిగిన్నెలోకి వైరు దూరే చోటు, వాల్యూమ్ డబ్బాకు అటూ ఇటూ. మొదట కదిపినప్పుడు గరగర, తర్వాత ఒక చెవి, ఆఖరుకు రెండూ.

అందుకే నేను కొనేటప్పుడు మొదట చూసేది వైరు ఊడి వస్తుందా లేదా అని. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా, లాజిటెక్ జీ ప్రో ఎక్స్ లాంటివాటిలో వైరు, మైకు రెండూ ఊడతాయి. వైరు తెగితే వైరే కొనుక్కుంటాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఊడినంత మాత్రాన బజారులో దొరికే ఏ వైరైనా పడుతుందని కాదు. కొన్ని కంపెనీలు సాకెట్టును లోతుగా, ఇరుగ్గా పెడతాయి, లేదా తిప్పి బిగించే ప్రత్యేకమైన పిన్ను పెడతాయి. ఆడియో టెక్నికా ఎం50ఎక్స్‌లో 2.5 ఎం.ఎం. తిప్పుడు పిన్ను ఉంటుంది, మామూలు వైరు దాంట్లో కూర్చోదు. షాపులోనే వైరు ఊడబీకి, సాధారణమైన 3.5 ఎం.ఎం. వైరు ఒకటి అడిగి దూర్చి చూడటం మంచిది.

వైరు ఊడనిదైతే? వెంటనే కొట్టిపారేయనక్కర్లేదు. జర్మనీ కంపెనీ బేయర్‌డైనమిక్ తయారుచేసే డీటీ 770 ప్రోలో వైరు ఊడని రకాలే ఎక్కువ తిరుగుతున్నాయి. అయినా ప్యాడ్లు, హెడ్‌బ్యాండు, స్పీకర్లతో సహా విడిభాగాలు అమ్ముతారు, విప్పి బిగించుకునేట్టు ఉంటుంది. స్క్రూలు కనబడే వస్తువుకు ఆయుష్షు ఎక్కువ. అంతా జిగురుతో అతికించి, స్క్రూ అన్నదే లేకుండా నున్నగా ఉన్నది చూడ్డానికి బాగుంటుంది గానీ విప్పబోతే విరుగుతుంది.

3.5 ఎం.ఎం. పిన్నా, యూఎస్‌బీయా అన్న వాదనలో నా ఓటు పిన్నుకే. యూఎస్‌బీ హెడ్‌సెట్ వైరులోనో గిన్నెలోనో ఒక చిన్న సౌండ్ కార్డు ఉంటుంది. అది కాలిపోతే స్పీకర్లు బాగున్నా హెడ్‌సెట్ మూగదే. పిన్ను హెడ్‌సెట్ కొని, కంప్యూటర్ సౌండ్ బాగాలేదనిపిస్తే విడిగా చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు తగిలించుకుంటే, పోయినప్పుడు ఆ కార్డొకటే పోతుంది. హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2లో ఇదే పద్ధతి: హెడ్‌సెట్ చివర మామూలు పిన్ను, దాన్ని గుచ్చడానికి విడిగా యూఎస్‌బీ డబ్బా. డబ్బా పోయినా పిన్ను నేరుగా గుచ్చి ఆడుకోవచ్చు.

పిన్ను మీద మూడు నల్లగీతలుంటే నాలుగు భాగాలు, అంటే మైకు కూడా ఆ పిన్నులోనే. రెండే గీతలుంటే మైకు లేదు. పాత కంప్యూటర్లలో ఆకుపచ్చ, గులాబీ రంగుల రెండు సాకెట్లుంటాయి కాబట్టి వాటికి రెండుగా చీలే చిన్న వైరు కావాలి. ఫోనులో బీజీఎంఐ లాంటి ఆటలు ఆడేవాళ్లకు ఇంకో చిక్కు: చాలా ఫోన్లలో ఇప్పుడు పిన్ను సాకెట్టే లేదు. టైప్‌-సి కన్వర్టర్లు రెండు రకాలు. లోపల ఉత్త తీగలున్నవి కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి. లోపల చిప్ ఉన్నవి దాదాపు అన్నిట్లోనూ పలుకుతాయి. ధర కాస్త ఎక్కువైనా చిప్ ఉన్నదే అడిగి తీసుకోవాలి.

వైరును బతికించుకునే ఉపాయాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు. కంప్యూటర్ సాకెట్టుకు ఒక మూరెడు ఎక్స్‌టెన్షన్ గుచ్చి, దాని చివర హెడ్‌సెట్ గుచ్చుకుంటే రోజూ గుచ్చి పీకే అరుగుదల, మరిచిపోయి లేచినప్పుడు తగిలే గుంజుడు ముందు దాని మీదే పడతాయి. మైకు కూడా పని చెయ్యాలంటే అది నాలుగు భాగాలదై ఉండాలి, మూడు గీతలు లెక్కపెట్టి కొనండి. ఇక చక్రాల కుర్చీ. వైరు మీదుగా కుర్చీ చక్రం పోతే పైన ఏ గుర్తూ ఉండదు, లోపల పోగులు నలిగిపోతాయి. వైరును బల్ల అంచుకు ఒక క్లిప్పుతో పైనే ఆపేస్తే ఈ బాధ ఉండదు. ఆట అయ్యాక వైరును గిన్నె చుట్టూ బిగించి చుట్టే అలవాటు చాలామందిది. సరిగ్గా తెగే చోటే మెలిపెట్టడం అది. వదులుగా జానెడు చుట్టలు చుట్టి ఒక పట్టీ వేస్తే చాలు.

ఎండ, చెమట, కూలరు

ఇయర్ ప్యాడ్ల మీద ఉండేది చాలావాటిలో తోలు కాదు. డబ్బా మీద లెదరెట్ అనో ప్రొటీన్ లెదర్ అనో రాసినా అది గుడ్డ మీద పూసిన పాలీయూరిథేన్ పూత, అంటే ఒక రకం రెక్సిన్. ఈ పూతకు తడి పడదు. నీటి అణువులు పాలీయూరిథేన్ గొలుసులను నెమ్మదిగా తెంచుతాయి. దీన్నే జలవిశ్లేషణ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ పని జోరందుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. డబ్బా విప్పకుండా బీరువాలో దాచిన హెడ్‌సెట్ ప్యాడ్లు కూడా కొన్నేళ్లకు పొట్టు రాలేది ఇందుకే. ఆఫర్లో వచ్చిందని రెండు కొని ఒకటి దాచిపెట్టే తెలివి ఇక్కడ పనిచేయదు.

అనంతపురం పాఠకుడికి ఇక్కడ సందేహం రావాలి. మనది వానల్లేని సీమ కదా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే కురుస్తుంది. మే నెలలో మిద్దె మీద ఆరేసిన బట్ట చూస్తుండగానే ఆరిపోతుంది. మచిలీపట్నంలోనో కాకినాడలోనో తేమకు పాడైందంటే సరే, ఇక్కడ ఎందుకు పాడవ్వాలి?

బయటి గాలి పొడిదే. కానీ చెవి చుట్టూ మూసుకున్న ఆ చిన్న గిన్నెలో వాతావరణం వేరు. 40 డిగ్రీలు దాటిన పగటిపూట రెండు గంటలు ఆడితే ప్యాడ్ లోపలి అంచు చెమటతో తడిసి ముద్దవుతుంది. తీసి పక్కన పెట్టాక ఫ్యాను గాలికి నీళ్లు ఆరిపోతాయి, ఉప్పూ జిడ్డూ అట్లే ఉండిపోతాయి. మరుసటి పూట మళ్లీ తడి. దానికి తోడు కూలరు. ఎండాకాలం ఇళ్లలో, హాస్టల్ గదుల్లో కూలరుకు ఎదురుగా కూర్చుని ఆడేవాళ్లే ఎక్కువ. పొడి ఊళ్లలో కూలరు అంత బాగా చల్లబరిచేది గాలిలోకి నీళ్లు కలుపుతుంది కాబట్టే. కిటికీలు మూసిన గదిలో అది రాత్రంతా తిరిగితే తెల్లారేసరికి పుస్తకాల కాగితాలు కూడా మెత్తబడతాయి. బయట రాయలసీమ, గదిలో కోస్తా. వేడీ తడీ రెండూ కలిసిన ఆ గదిలో ప్యాడ్లకు ఎంత పొడి ఊరైనా ఒరిగేదేమీ లేదు.

తలకు పెట్టుకునే నూనె సంగతి కూడా చెప్పాలి. కొబ్బరి నూనె రాసుకున్న వెంటనే హెడ్‌సెట్ పెట్టుకుంటే హెడ్‌బ్యాండ్ కింది రెక్సిన్‌లోకి నూనె దిగుతుంది, పూత మెత్తబడి ముడతల దగ్గర చిట్లుతుంది. నూనె మానెయ్యమని ఏ అమ్మతోనూ చెప్పలేం. హెడ్‌బ్యాండ్‌కు ఒక నూలుగుడ్డ తొడుగు వేసుకోవడమే తేలిక. టైలరుకు పాత టీషర్టు ఇచ్చి కొలత చెప్తే కుట్టిస్తాడు, నూనె పట్టినప్పుడల్లా ఉతుక్కోవచ్చు.

మన వాతావరణానికి రెక్సిన్ కంటే గుడ్డ ప్యాడ్లు, వెలూర్ (మఖమల్ లాంటి మెత్తటి గుడ్డ) ప్యాడ్లే నయమని నా అభిప్రాయం. అవి పొట్టు రాలవు, చెమటను పీల్చుకుని ఆరిపోతాయి, ఊడదీసి సబ్బునీళ్లలో మెల్లగా ఉతుక్కోవచ్చు. నష్టాలు లేకపోలేదు. గుడ్డ గుండా గాలి పోతుంది కాబట్టి బాంబు పేలిన దమ్ము కొంచెం తగ్గుతుంది, పక్క గదిలో టీవీ కొంచెం వినిపిస్తుంది. ఆషాఢం గాలికి లేచే ఎర్రదుమ్ము గుడ్డలో కూర్చుంటుంది, రెక్సిన్ మీదైతే తుడిస్తే పోయేది. హాస్టల్ గోలలో ఉండి శబ్దం బయటికీ లోపలికీ పోకూడదనుకునేవాళ్లు రెక్సిన్‌దే తీసుకుని, ఏడాదికో రెండేళ్లకో ప్యాడ్లు మార్చడానికి సిద్ధపడాలి.

అందువల్ల ప్యాడ్ మారుతుందా లేదా అన్నది ఆ ప్యాడ్ దేనితో చేశారన్నదాని కంటే ముఖ్యం. కొన్నిట్లో ప్యాడ్ అంచు గిన్నె గాడిలో సాగదీసి దూర్చి ఉంటుంది. కొన్నిట్లో ప్లాస్టిక్ చట్రం టక్కుమని కూర్చుంటుంది. చౌకవాటిలో జిగురుతో అంటిస్తారు. మొదటి రెండు రకాలైతే మార్చుకోవచ్చు. విడి ప్యాడ్లు ఆన్‌లైన్‌లో మోడల్ పేరుతో దొరుకుతాయి. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి ఎవరైనా పోతుంటే అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో వెతకమని కూడా చెప్పొచ్చు. పేరులేని హెడ్‌సెట్‌కు కొనేటప్పుడు పాత ప్యాడ్‌ను కొలవకండి, అది సాగి ఉంటుంది. ప్యాడ్ తీసేసి గిన్నె పళ్లేన్ని కొలవాలి. కొత్త ప్యాడ్ మందం పాతదానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే స్పీకరుకూ చెవికీ దూరం మారి సౌండే మారిపోతుంది.

రోజూ చేయాల్సింది చాలా కొంచెం. తీసిన వెంటనే పొడిగుడ్డతో లోపలి అంచు తుడవాలి. వారానికోసారి గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి ఉప్పు తుడిచెయ్యాలి. కరోనా రోజుల నుంచి ప్రతిదానికీ శానిటైజర్ కొట్టే అలవాటు మిగిలిపోయింది. దాంట్లోని ఆల్కహాల్ రెక్సిన్ పూతను ఎండగట్టి చిట్లిస్తుంది, ప్యాడ్ల మీద వద్దు.

హెడ్‌బ్యాండు

ఇక్కడ చెప్పేది తక్కువ. విరిగేది పైన వంపు కాదు, గిన్నెను పట్టుకునే కొమ్మ లేదా సైజు సర్దే జారుడు పట్టీ. షాపులో జారుడు పట్టీని పూర్తిగా బయటికి లాగి చూడండి. లోపల ఇనుప పట్టీ కనబడాలి. "మెటల్ ఫ్రేమ్" అని రాసి పైన వంపు మాత్రం లోహంతో చేసి, బరువంతా మోసే కీలును ప్లాస్టిక్‌తో చేసినవి చాలా ఉన్నాయి. గిన్నెలు పక్కకు తిరిగి మడతపడేవి బ్యాగులో తీసుకుపోవడానికి బాగుంటాయి, కానీ మడత అంటే ఇంకో కీలు, ఇంకో కీలంటే విరగడానికి ఇంకో చోటు. ఇంట్లోనే ఆడేవాళ్లకు మడత అవసరం లేదు.

పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు రెండు చేతులూ వాడాలి. ఒక చెవి పట్టుకుని లాగితే కీలు మెలిపడుతుంది. ఎవరో పిలిచారని ఒక గిన్నెను నుదుటి మీదికి ఎత్తి పెట్టుకోవడం ఇంకా చెడ్డది. సన్నటి మేకుకు తగిలిస్తే పై నురుగు గుంటపడుతుంది, లావుపాటి కొక్కెం కావాలి.

వైర్‌లెస్ కొనేవాళ్లకు

బ్లూటూత్‌తో ఆట ఆడటం గురించి ముందుగా ఒక మాట. మామూలు బ్లూటూత్‌లో శబ్దం కొన్నిసార్లు సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యమవుతుంది, కాల్పుల ఆటల్లో అది తెలిసిపోతుంది. పైగా మైకు ఆన్ చేయగానే పాత పద్ధతి బ్లూటూత్ ఫోను సంభాషణ స్థాయికి దిగిపోతుంది, ఆట శబ్దం డొక్కు రేడియోలా వస్తుంది. అందుకే గేమింగ్ వైర్‌లెస్ అంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో వచ్చేవే. కంప్యూటర్‌కు గుచ్చే ఆ చిన్న రిసీవరే డాంగిల్, గోరంత ఉంటుంది. పోతే చాలా మోడళ్లకు విడిగా దొరకదు, దొరికినా జతకలుస్తుందన్న నమ్మకం లేదు. కంప్యూటర్ నుంచి పీకే పని పెట్టుకోకండి.

అసలు సమస్య బ్యాటరీ. లిథియం బ్యాటరీ వాడినా అరుగుతుంది, వాడకపోయినా అరుగుతుంది. అరిగే వేగాన్ని నిర్ణయించేవి వేడి, చార్జి స్థాయి. బ్యాటరీ ఇంజనీరింగ్‌లో తరచూ చూపే లెక్క ఒకటుంది: 25 డిగ్రీల దగ్గర 40 శాతం చార్జితో ఏడాది పక్కన పెడితే సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 40 డిగ్రీల దగ్గర నిండు చార్జితో పెడితే మిగిలేది 65 శాతమే. మేలో మిద్దె కింద పైగది ఎట్లా ఉంటుందో మనకు తెలుసు, కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రి కక్కుతుంది. ఆ గదిలో రాత్రంతా చార్జింగ్‌కు గుచ్చి వదిలేయడం అంటే సరిగ్గా ఆ రెండో లెక్కలోకి నడిచిపోవడం. 80 శాతం దగ్గర తీసేసి, 20 దగ్గర మళ్లీ పెట్టి, చార్జింగ్ పొద్దునపూట చల్లని వేళలో పెట్టుకుంటే తేడా కనబడుతుంది. ఈ రకం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చెయ్యకూడదు. స్కూటరు డిక్కీ, కారు డాష్‌బోర్డు ఎండలో ఆ గీతను సులువుగా దాటేస్తాయి. సెలవులకు ఊరికి పోతూ గదిలో వదిలి పోయేట్టయితే సగం చార్జి పెట్టి, గోడల మధ్య నీడగా ఉండే అల్మారాలో పెట్టండి.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: బ్యాటరీ చచ్చిన తర్వాత వైరు గుచ్చి ఆడుకోవచ్చా? 3.5 ఎం.ఎం. సాకెట్టు కూడా ఉన్నవాటిలో చాలావరకు కుదురుతుంది. చార్జింగ్ సాకెట్టొకటే ఉన్నవాటిలో చాలా మోడళ్లకు ఆ వైరు గుండా శబ్దం రాదు, అవి బ్యాటరీతోనే పుట్టి బ్యాటరీతోనే పోతాయి. స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రో వైర్‌లెస్‌లో రెండు బ్యాటరీలిస్తారు, ఒకటి వాడుతుంటే ఇంకొకటి చార్జి అవుతుంది, గిన్నె మూత తీసి మార్చుకోవడమే. ధర మాత్రం మనలో చాలామందికి అందేది కాదు. యూరప్‌లో 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలను, కొన్ని మినహాయింపులు పోగా, వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా పెట్టాలి. పెద్ద కంపెనీలు ఒక దేశానికొక అచ్చు పోయవు కాబట్టి ఆ మార్పు ఇక్కడి షాపులకూ చేరొచ్చని నా ఊహ. తొందర లేనివాళ్లు వైర్‌లెస్‌కు ఇంకొన్నాళ్లు ఆగడంలో నష్టం లేదు.

లెక్క, బిల్లు

ఖరీదైనది కొంటే డబ్బు మిగులుతుందన్న మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. వెయ్యి రూపాయలది ఏడాదికొకటి చొప్పున ఐదు కొంటే ఐదు వేలు. నాలుగు వేలది ఒకటి కొని, ఐదేళ్లలో రెండుసార్లు ప్యాడ్లకు ఆరొందల చొప్పున పెడితే ఐదు వేల రెండొందలు. అంటే డబ్బు దగ్గర తేడా పెద్దగా లేదు. తేడా ఉన్నది ఆ ఐదేళ్లూ చెవికి, తలకు ఉండే సుఖంలో, మైకులో మీ మాట అవతలివాళ్లకు వినబడటంలో, నాలుగు హెడ్‌సెట్లు తక్కువ పారేయడంలో. జేఎన్‌టీయూలోనో ఎస్కేయూలోనో చదువుతూ నెల ఖర్చుల్లోంచి కొనే పిల్లవాడికి వెయ్యి రూపాయల పిన్ను హెడ్‌సెట్టూ, ఒక ఎక్స్‌టెన్షన్ వైరూ, గుడ్డ తొడుగూ బాగానే సరిపోతాయి. మధ్యరకం, అంటే రెండు రెండున్నర వేల దగ్గర లైట్లతో, యూఎస్‌బీతో, ఊడని వైరుతో వచ్చేవాటినే నేను దాటి పొమ్మంటాను. ధర పెరుగుతుంది, ఆయుష్షు పెరగదు.

"బిల్లు వద్దంటే రెండొందలు తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. వారంటీకి ఆ బిల్లే ఆధారం. వారంటీ కొన్నిటికి ఏడాది, కొన్నిటికి రెండేళ్లు. ప్యాడ్లు, వైరు అరుగుదలను చాలా కంపెనీలు దాంట్లో కలపవు. సర్వీసు సెంటరు ఊళ్లో ఉందా, బెంగళూరుకో హైదరాబాదుకో కొరియర్ చెయ్యాలా, ఆ ఖర్చెవరిది అన్నది కొనేముందే తేల్చుకోవాలి. కంప్యూటర్ ప్రింటు బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తున్నాయి. మన ఎండలకు ఏడాది తిరిగేలోగా అక్షరాలు వెలిసిపోతాయి, ఇచ్చిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. వైర్‌లెస్‌దైతే డబ్బా మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ తయారీదారుదో తెలుస్తుంది. వారంటీ ఇవ్వాల్సిన చోట ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చెడితే ఏం చెయ్యాలి

ఒక చెవే వస్తుంటే ముందు ఇంకో ఫోనుకు గుచ్చి చూడండి, తప్పు సాకెట్టుదీ కావచ్చు. పాట పెట్టి పిన్ను నుంచి గిన్నె దాకా వైరును వేళ్లతో కొంచెం కొంచెంగా వంచుతూ పొండి. శబ్దం వచ్చి పోయే చోటే తెగిన చోటు. పిన్ను మొదట్లోనైతే మొబైల్ రిపేరు చేసేవాళ్లెవరైనా అక్కడికి కోసి కొత్త పిన్ను వేస్తారు, పెద్ద ఖర్చు కాదు. రంగు పోగుల మీది పూతను ముందు కాల్చి గానీ అంటించకూడదు. పూత మీద సీసం పోస్తే ఆ రోజుకు పలికి మర్నాడు ఆగుతుంది. కుడిచెవికి సాధారణంగా ఎరుపు, ఎడమకు ఆకుపచ్చ లేదా నీలం, రాగిరంగుది గ్రౌండు. కానీ కంపెనీని బట్టి మారతాయి కాబట్టి అంటించే ముందు మీటరు పెట్టి చూడమనండి.

వాల్యూమ్ చక్రం గరగరమంటే లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము చేరిందన్నమాట. రిపేరు షాపులో కాంటాక్ట్ క్లీనరు చిమ్మి అటూ ఇటూ పదిసార్లు తిప్పితే చాలాసార్లు పోతుంది. ఆ తర్వాత చక్రాన్ని ఒకే చోట ఉంచి, హెచ్చుతగ్గులు కంప్యూటర్‌లోనే చేసుకుంటే పట్టీ అరగదు. విరిగిన కీలుకు ఫెవిక్విక్ వెయ్యాలని చెయ్యి లాగుతుంది. అది గట్టిపడితే పెళుసు, వంగే చోట నిలవదు, కారితే కీలు తిరగకుండా బిగుసుకుంటుంది. రెండు ట్యూబులు కలిపే అరాల్డైట్ రాసి, పక్కన పల్చటి ఇనుప ముక్కను ఊతంగా కట్టి, ఒక రోజంతా కదపకుండా వదిలితే అందం పోతుంది గానీ పట్టు ఉంటుంది.

బ్యాటరీ మార్పు ఇంట్లో చేసే పని కాదు. గిన్నె ఉబ్బినట్టు కనబడినా, మూత సరిగ్గా కూర్చోకపోయినా చార్జింగ్ ఆపేసి తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకుపోవాలి, గుచ్చి చూడకూడదు. మార్చేవాళ్లు పాత బ్యాటరీ మీది వోల్టు, ఎంఏహెచ్ అంకెలు, కొలత, తీగల సంఖ్య చూసి అదే రకం వెయ్యాలి.

ఏ రిపేరుకూ లొంగనిదైతే ప్యాడ్లు, మైకు, ఊడే వైరు తీసి పెట్టుకోండి, అదే మోడల్ వాడే స్నేహితుడికి పనికొస్తాయి. స్పీకర్లు బాగుంటే రిపేరు షాపువాళ్లే అడిగి తీసుకుంటారు. బ్యాటరీ ఉన్న గిన్నెను మాత్రం మునిసిపాలిటీ చెత్తబండిలో వెయ్యకండి. నలిగితే అంటుకుంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత ఎలక్ట్రానిక్ వస్తువులు రీసైక్లింగ్‌కు చేరేలా చూసే బాధ్యత తయారీదారులదే. కంపెనీ వెబ్‌సైటులో పాతవి ఎక్కడ ఇవ్వాలో చూసుకుని అక్కడ ఇవ్వండి.